రోడ్డు ప్రమాదం జరిగిన చోట ప్రథమ చికిత్స: అంబులెన్సు వచ్చేలోగా ఏది ముందు, ఏది తర్వాత

ప్రమాదం జరిగిన చోట గుమిగూడిన వాళ్లలో చాలామందికి సాయం చెయ్యాలనే ఉంటుంది. చిక్కంతా వరస తప్పడంలోనే వస్తుంది. అరుస్తున్న వాళ్ల దగ్గరికి అందరూ పరుగెత్తుతారు. సీట్లో తల ముందుకు వాలిపోయి, ఊపిరాడక, చప్పుడు లేకుండా పోతున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు. వంకర తిరిగిన చెయ్యి చుట్టూ పదిమంది చేరతారు. ప్యాంటు లోపల తొడ నుంచి కారి సీటు కింద మడుగు కడుతున్న రక్తం ఎవరి కంటా పడదు.

తొడలోని పెద్ద రక్తనాళం తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. ఊపిరి పూర్తిగా ఆగితే నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. విరిగిన ఎముక మాత్రం గంట ఆగినా ఆగుతుంది. కాబట్టి వరస ఇది: ముందు మీ భద్రత, తర్వాత ఫోను, ఆపైన ధారగా పోయే రక్తం, ఊపిరి. మిగతావన్నీ వీటి తర్వాతే.

దగ్గరికి వెళ్లే ముందు

మీ బండిని ప్రమాద స్థలానికి 20–30 మీటర్ల దూరంలో, రోడ్డు వారగా ఆపండి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, హ్యాండ్‌బ్రేకు వేసి, ముందు చక్రాలను రోడ్డు అంచు వైపు తిప్పి ఉంచండి. వెనక నుంచి ఎవరైనా గుద్దినా మీ కారు గాయపడినవాళ్ల మీదికి దూసుకెళ్లదు. రాత్రి పూట మీ హెడ్‌లైట్లు ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతున్నాయేమో చూసుకోండి.

ప్రమాదాన్ని హెచ్చరించే ఎర్ర త్రికోణాన్ని, బళ్లు వచ్చే వైపున, మామూలు రోడ్డు మీద కనీసం 50 మీటర్ల ముందు, వేగంగా బళ్లు పోయే రోడ్డు మీద 100 మీటర్లకు పైగా ముందు పెట్టాలి. మలుపులో ప్రమాదం జరిగితే త్రికోణం మలుపుకు ఇవతలే ఉండాలి. మలుపు తిరిగాక కనబడితే బ్రేకు వేసే వ్యవధి ఉండదు. పెట్టడానికి వెళ్లేటప్పుడు వచ్చే బళ్లకు ఎదురుగా, రోడ్డు అంచున నడవండి. ఎడతెగకుండా బళ్లు దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్ రహదారి అయితే త్రికోణం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు, రెయిలింగు అవతల నిలబడండి. ప్రమాదం జరిగిన చోటే రెండో ప్రమాదం జరగడం అరుదేమీ కాదు. అందులో పోయేవాళ్లు తరచూ సాయానికి వచ్చినవాళ్లే.

తర్వాత గుద్దుకున్న బండి సంగతి. ఇంజను ఆపండి, హ్యాండ్‌బ్రేకు లాగండి, తాళం తీసి అందరికీ కనబడేలా డ్యాష్‌బోర్డు మీద పెట్టండి. బటన్‌తో స్టార్టయ్యే కారు తాళాన్ని మాత్రం బండికి కనీసం 5 మీటర్ల దూరంలో ఉంచాలి. ఎలక్ట్రిక్ కారు చప్పుడు చెయ్యడం లేదంటే ఆగిందని కాదు. దాన్ని పార్కింగ్‌లో పెట్టి, పవర్ బటన్‌తో ఆపాలి. నారింజ రంగు కేబుళ్లు బయటికి వచ్చి ఉంటే ముట్టుకోవద్దు. బండి అడుగు నుంచి బుసబుసమని శబ్దం, చిక్కటి తెల్లటి పొగ వస్తుంటే అది బ్యాటరీ వేడెక్కుతున్న గుర్తు. లోపలివాళ్లను బయటికి తెచ్చి అందరూ దూరం జరగాలి. అలాంటి మంట ఆరిందనుకున్నాక కూడా మళ్లీ అంటుకుంటుంది.

ఎయిర్‌బ్యాగు తెరుచుకున్న కారులో తెల్లటి పొడి గాల్లో తేలుతూ ఉంటుంది. అది చూసి పొగ అనుకుని, "కారు కాలుతోంది" అంటూ లోపలి మనిషిని ఈడ్చేసేవాళ్లున్నారు. అది బ్యాగు మడతల్లో చల్లే పొడి. కళ్లు, గొంతు మండుతాయంతే. అసలు భయపడాల్సింది తెరుచుకోని బ్యాగుకే. అది తర్వాతైనా పేలవచ్చు. స్టీరింగుకు 25 సెంటీమీటర్లు, పక్క సీటు ముందున్న డ్యాష్‌బోర్డుకు 50 సెంటీమీటర్లు, తలుపు వైపు బ్యాగుకు 12 సెంటీమీటర్లు ఎడంగా మీ తల, చేతులు ఉండాలి.

కరెంటు తీగ తెగి బండి మీద పడితే 10 మీటర్ల లోపలికి వెళ్లవద్దు, ఎవరినీ వెళ్లనివ్వవద్దు. లోపలున్నవాళ్లు సరఫరా ఆపేదాకా కదలకుండా కూర్చోవడమే మేలు. మంట లేచి దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ జోడించి దూకాలి. ఆ తర్వాత పాదాలు ఎత్తకుండా, ఒకదానికొకటి ఆనించి జరుపుకుంటూ దూరం పోవాలి. ట్యాంకరు బోల్తా పడితే గాలి వచ్చే వైపున, దూరంగా నిలబడండి. ఫోను కెమెరాను జూమ్ చేసి ట్యాంకరు పలక మీది నాలుగంకెల సంఖ్య చదివి ఫోనులో చెప్పండి. 1203 పెట్రోలు, 1075 వంటగ్యాసు, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్. ఏం పట్టుకుని రావాలో ఆ అంకెను బట్టే తెలుస్తుంది.

ఫోను

చాలా దేశాల్లో మొబైల్ నుంచి 112 కలుస్తుంది. మీ ప్రాంతంలో అంబులెన్సుకు వేరే నంబరుంటే అది. "ఎవరైనా ఫోన్ చెయ్యండి" అని గుంపు మీదికి అరిస్తే ఎవరూ చెయ్యరు, పక్కవాడు చేశాడనుకుంటారు. ఒకరినే వేలితో చూపించి, "నీలం చొక్కా అన్నా, మీరు చెయ్యండి. మాట్లాడాక వచ్చి నాకు చెప్పండి" అనాలి. చేసేది మీరే అయితే స్పీకరు పెట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి.

మొట్టమొదట చెప్పాల్సింది చోటు: రోడ్డు పేరు, కిలోమీటరు రాయి, ఏ వైపు వెళ్లే దారి, దగ్గర్లో గుర్తు. మధ్యలో లైను తెగినా అంబులెన్సు బయల్దేరుతుంది. తర్వాత బళ్లు ఎన్ని, గాయపడినవాళ్లు ఎంతమంది, ఎవరైనా ఇరుక్కున్నారా, స్పృహ లేనివాళ్లు ఉన్నారా, మంటలు, ఇంధనం, తీగలు ఉన్నాయా. అవతలివాళ్లు పెట్టెయ్యమనే దాకా పెట్టెయ్యవద్దు. ఏం చెయ్యాలో వాళ్లే చెబుతూ ఉంటారు.

అందరినీ ఒక చూపు చూడటం

"నడవగలిగినవాళ్లు ఇటు రండి" అని గట్టిగా ఒక్క మాట అనండి. వచ్చినవాళ్లు ఈ నిమిషానికి ఫర్వాలేదు. వాళ్లను రోడ్డుకు దూరంగా ఒకచోట కూర్చోబెట్టి, మీద కన్నేసి ఉంచండి. ప్రమాదం వేడిలో నొప్పి తెలియదు, లోపలి దెబ్బ అరగంటకు బయటపడుతుంది. రానివాళ్ల దగ్గరికి మీరు వెళ్లాలి. ముందుగా కదలిక లేనివాళ్ల దగ్గరికి, మాట్లాడనివాళ్ల దగ్గరికి. అరిచేవాడికి ఊపిరి ఉన్నట్టే.

మనిషికి 15 సెకన్లు చాలు: రక్తం ధారగా పోతోందా, పలుకుతున్నాడా, ఊపిరి తీస్తున్నాడా. కారు వెనక పిల్లల సీటు కనబడితే పిల్ల ఎక్కడుందో తేలేదాకా వెతకండి. ముందు సీటు కింది ఖాళీ, బండి కింద, రోడ్డు పక్క కాలువ, తుప్పలు చూడండి. బైకు మీద ఎంతమంది వచ్చారో అడగండి. వెనక కూర్చున్నవాళ్లు చాలా దూరం ఎగిరి పడతారు. బైకు కింద కాలు ఇరుక్కుంటే బైకును నిలువుగా లేపి తీసెయ్యాలి, కాలు పట్టి లాగకూడదు. వేడి సైలెన్సరు ఆ లోపే చర్మాన్ని కాల్చేస్తూ ఉంటుంది.

ధారగా పోయే రక్తం

గ్లవ్స్ లేకపోతే చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. చిమ్ముతున్నా, ధారగా కారుతున్నా, బట్ట తడిసి నేల మీద మడుగు కడుతున్నా వేరే పనేదీ మొదలుపెట్టకుండా దాని సంగతి చూడాలి. పెద్ద మనిషి ఒంట్లో ఉండేది దాదాపు 5 లీటర్ల రక్తం. అందులో లీటరున్నర నుంచి రెండు లీటర్లు పోతే బీపీ పడిపోతుంది. 10 కిలోల పిల్లకు మొత్తం రక్తమే 800 మిల్లీలీటర్లు. పెద్దవాళ్లలో "కాస్త పోయింది" అనిపించే రక్తం పిల్లకు ప్రాణాంతకం.

ముందు బట్ట కత్తిరించి లేదా చింపి గాయాన్ని కంటితో చూడండి. బట్ట మీద నుంచి అదిమితే ఎక్కడ అదుముతున్నామో తెలియదు. శుభ్రమైన బట్టను ముద్దగా మడిచి, రక్తం వచ్చే చోటే పెట్టి, రెండు చేతులతో, మోచేతులు నిటారుగా పెట్టి ఒంటి బరువంతా మోపండి. 10 నిమిషాలు తియ్యవద్దు. "ఆగిందా లేదా" అని ప్రతి నిమిషం ఎత్తి చూసేవాళ్లే గడ్డకట్టిన రక్తాన్ని ఊడబెరికేది. తడిసిపోతే దాని మీద ఇంకో బట్ట వేసి ఇంకా గట్టిగా అదమండి. అదీ తడుస్తుంటే మీరు నొక్కుతున్నది సరైన చోటు కాదన్నమాట. రెండూ తీసి, గాయం లోతుగా ఉంటే బట్టను వేలితో గాయం అడుగు దాకా కూరి, నిండా నింపి, పైనుంచి అదమండి. నొప్పికి అరుస్తారు. అయినా వదలవద్దు. కూరడం చేతులు, కాళ్లు, చంకలు, గజ్జలకే. ఛాతీ, పొట్ట గాయాల్లో ఏమీ కూరకూడదు.

గాయంలో గాజు ముక్క, ఇనుప కడ్డీ దిగబడి ఉంటే పీకవద్దు. లోపల తెగిన నాళాన్ని చాలాసార్లు అదే మూసి పెట్టి ఉంటుంది. దానికి అటూ ఇటూ బట్ట చుట్టలు పెట్టి, అది కదలకుండా కట్టండి.

చేతి మీద, కాలి మీద అదిమినా ఆగని రక్తానికి టూర్నికే, అంటే రక్తం పారకుండా గాయానికి పైన బిగించే కట్టు, వెయ్యాలి. కొన్నది ఉంటే అదే మేలు. లేకపోతే 4–5 సెంటీమీటర్ల వెడల్పున మడిచిన బట్ట, ఒక గట్టి కడ్డీ కావాలి. తాడు, తీగ, షూ లేసు పనికిరావు. సన్నగా ఉన్నది చర్మాన్ని కోస్తుంది. పైగా గుండెకు తిరిగి వెళ్లే రక్తాన్ని మాత్రమే ఆపి, లోతుగా ఉన్న ధమనిని వదిలేస్తుంది. రక్తం ఇంకా ఎక్కువగా పోతుంది. పెన్ను కడ్డీగా పెడితే విరిగిపోతుంది, స్పానరు లాంటిది నిలుస్తుంది.

1. గాయానికి 5 నుంచి 8 సెంటీమీటర్ల పైన, గుండె వైపు కట్టండి. మోచేయి, మోకాలు కీలు మీద కట్టవద్దు, కీలు అడ్డొస్తే ఇంకా పైకి జరపండి. జేబులో ఫోను, తాళాలు దాని కింద పడకుండా చూడండి.
2. బట్టను రెండు చుట్లు చుట్టి, ఒక ముడి వేసి, ముడి మీద కడ్డీ పెట్టి, పైన ఇంకో ముడి వెయ్యండి.
3. రక్తం ఆగేదాకా కడ్డీని మెలితిప్పండి. రక్తం తగ్గితే చాలదు, పూర్తిగా ఆగాలి.
4. కడ్డీ వెనక్కి తిరగకుండా దాని కొసను కట్టెయ్యండి.
5. వేసిన సమయాన్ని మార్కరుతో నుదుటి మీద గానీ, చేతి మీద గానీ రాయండి.

సరిగ్గా పడిన టూర్నికే తట్టుకోలేనంత నొప్పి పుట్టిస్తుంది. అది తప్పు జరిగిన గుర్తు కాదు. "కాసేపు వదులు చేసి మళ్లీ బిగిద్దాం" అనే పాత పద్ధతి ప్రాణం తీస్తుంది, ఆస్పత్రిలోనే విప్పాలి. ఒకటి చాలకపోతే దానికి పక్కనే పైన, గుండె వైపు రెండోది వెయ్యండి. చేత్తో తయారుచేసినవి సరిగ్గా పడకపోవడం మామూలే. అందుకే ఒకరు కడుతుండగా ఇంకొకరు గాయం మీద అదుముతూనే ఉండాలి.

ఊపిరి

ఢీకొన్న కారులో డ్రైవరు సీటుబెల్టుతోనే ఉంటాడు, తల ఛాతీ మీదికి వాలి ఉంటుంది, గురక లాంటి చప్పుడు వస్తుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు "నిద్రలా పడిపోయాడు, కదపకండి, మెడ విరుగుతుంది" అంటారు. ఆ గురక ఊపిరి దారి సగం మూసుకుపోయిన చప్పుడు. ఇక్కడ కదపకపోవడమే తప్పు.

వెనక సీట్లో కూర్చుని, రెండు అరచేతులు అతని చెవుల మీద, వేళ్లు దవడ కిందుగా పెట్టండి. తలను మెల్లగా పైకెత్తి, ముక్కు బొడ్డుకు సూటిగా వచ్చేలా నిలబెట్టి పట్టుకోండి. మీ మోచేతులను సీటు వీపు మీద ఆనించుకోండి, లేకపోతే రెండు నిమిషాలకే చేతులు వణుకుతాయి. వెనక చోటు లేకపోతే కిటికీలోంచి ఒక చెయ్యి మెడ వెనక, ఒక చెయ్యి గడ్డం కింద పెట్టి ఇదే పని చెయ్యవచ్చు. ఎత్తేటప్పుడు మెడ బిగుసుకుని రాకపోయినా, నొప్పి పెరిగినా అక్కడే ఆపి అలాగే పట్టుకోండి. గురక ఆగి ఊపిరి చప్పుడు శుభ్రమైతే మీరు చేసింది పని చేసినట్టే. ఈ పనికి ప్రమాద స్థలంలో ఎవరినైనా నిలబెట్టవచ్చు. ఒకసారి చూపించి, మీరు తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లవచ్చు.

నేల మీద వెల్లకిలా ఉన్న మనిషికి తల వైపు మోకరిల్లండి. మోచేతులు నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లు చెవుల కింద దవడ మలుపు వెనక పెట్టి దవడను ముందుకు నెట్టండి. కింది పళ్లు పై పళ్లను దాటి ముందుకు రావాలి. నాలుక దవడతో పాటే వచ్చి గొంతు తెరుచుకుంటుంది. అలా కుదరకపోతే నుదుటిని కొద్దిగా వెనక్కి వంచి గడ్డం ఎత్తండి. మెడ మీద అనుమానం ఉన్నా సరే, ఊపిరిదే పైచెయ్యి. నోట్లో కనబడే పళ్ల ముక్కలు, రక్తం గడ్డలు తియ్యండి. కనబడనిదాని కోసం వేలు పెట్టి వెతికితే లోపలికి నెడతారు.

చెవిని ముక్కు దగ్గర పెట్టి, ఛాతీ వైపు చూస్తూ 10 సెకన్లు మించకుండా గమనించండి. ఒడ్డున పడ్డ చేపలా ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదు, గుండె ఆగిన గుర్తు.

ఊపిరి లేకపోతే సీపీఆర్

సీపీఆర్ అంటే ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి ఇస్తూ ఆగిన గుండె పని మనం చెయ్యడం. సీట్లో కూర్చోబెట్టి అది చెయ్యడం కుదరదు, బయటికి తెచ్చి గట్టి నేల మీద పడుకోబెట్టాలి. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం), దాని మీద రెండో చెయ్యి. 5–6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100–120 సార్లు నొక్కండి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వండి. అలసిపోయినవాళ్లు ఛాతీ మీద వాలిపోతారు, గుండె నిండదు. 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊపిరి ఇవ్వండి. ఊపిరి ఇవ్వలేకపోతే ఆపకుండా నొక్కడమైనా చెయ్యండి. ప్రతి 2 నిమిషాలకు మనిషి మారాలి, మారేటప్పుడు వ్యవధి పడకూడదు. ఏఈడీ (గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) దొరికితే ఛాతీ తుడిచి, దాని మీది బొమ్మలో చూపినట్టు ప్యాడ్లు అంటించి అది చెప్పినట్టు చెయ్యండి.

పిల్లలకు ముందుగా 5 సార్లు ఊపిరి ఇచ్చి మొదలుపెట్టాలి. లోతు ఛాతీ మందంలో మూడో వంతు. చంటిపిల్లకు రెండు బొటనవేళ్లు చాలు. ప్రమాదంలో ఆగిన గుండెను మళ్లీ కొట్టించడం కష్టమే. తరచూ కారణం రక్తం పోవడమే కాబట్టి, ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు రక్తం ఆపాలి.

గర్భిణి అయితే, దాదాపు 20 వారాలు దాటితే, వెల్లకిలా పడుకున్నప్పుడు గర్భాశయం గుండెకు వెళ్లే పెద్ద సిరను నొక్కేస్తుంది. ఒకరు పొట్టను రెండు చేతులతో ఆమె ఎడమ వైపుకు నెట్టి పట్టుకోవాలి. స్పృహలో ఉండి, వెన్ను మీద అనుమానం లేకపోతే ఎడమ పక్కకు తిరిగి పడుకోమనండి.

హెల్మెట్ తియ్యాలా?

స్పృహలో ఉండి, మామూలుగా ఊపిరి తీస్తుంటే తియ్యవద్దు. ముందు అద్దం పైకెత్తి వదిలెయ్యండి. ఊపిరి సరిగా లేకపోయినా, వాంతి చేసుకుంటున్నా, నోటి దగ్గరికి చెయ్యి చేరకపోయినా తియ్యక తప్పదు. ఇది ఇద్దరి పని.

ఒకరు తల వైపు మోకరిల్లి హెల్మెట్‌ను రెండు పక్కలా పట్టుకుని, వేలి కొసలు దవడను తాకేలా ఉంచి తల కదలకుండా చూడాలి. రెండోవారు కళ్లజోడు తీసి, గడ్డం పట్టీ విప్పాలి, బిగుసుకుంటే కత్తిరించాలి. తర్వాత రెండోవారు ఒక చేతి బొటనవేలు దవడకు ఒక వైపు, మిగతా వేళ్లు రెండో వైపు వేసి పట్టుకుని, రెండో చేతిని మెడ కిందికి పోనిచ్చి తల వెనక ఎముక దాకా పెట్టాలి. ఇప్పుడు తల బరువంతా రెండోవారిది.

మొదటివారు హెల్మెట్ అంచులను రెండు పక్కలకూ విడదీసి, కొంచెం వెనక్కి వంచితే గడ్డం, ముక్కు బయటపడతాయి. తర్వాత కొంచెం ముందుకు వంచితే తల వెనక భాగం జారి వస్తుంది. ముక్కు దగ్గర ఆత్రపడి నేరుగా లాగేవాళ్లే ఎక్కువ. ముక్కు చితికి, మెడ ఒక్కసారిగా ఊడి వచ్చినట్టు కదులుతుంది. హెల్మెట్ వచ్చేకొద్దీ రెండోవారి చెయ్యి పైకి జరగాలి. తల నేల మీద దబ్బున పడకూడదు. వచ్చిన వెంటనే మొదటివారు రెండు చెవుల దగ్గర తలను పట్టుకోవాలి. కొన్ని హెల్మెట్లలో చెంపల దగ్గర ఎర్ర పట్టీలుంటాయి. వాటిని కిందికి లాగితే మెత్తలు ఊడి వచ్చి పని సులువవుతుంది.

కదపడం ఎప్పుడు, ఎలా

మంట, నీళ్లు, మీద పడబోయే బళ్లు, సీపీఆర్ అవసరం. ఈ నాలుగూ కాకపోతే కారులోంచి బయటికి లాగవద్దు. మామూలుగా చేసే పని, చేతులూ కాళ్లూ నలుగురు పట్టుకుని ఎత్తి, మడిచి ఇంకో కారు వెనక సీట్లో కుక్కడం. వెన్నెముక విరిగి, వెన్నుపాము ఇంకా తెగని మనిషికి అక్కడే తెగుతుంది.

లాగక తప్పకపోతే సీటుబెల్టు కోసి, పాదాలు పెడళ్ల కింద ఇరుక్కోలేదని చేత్తో తడిమి చూడండి. వెనక నుంచి రెండు చంకల కింద చేతులు దూర్చి, అతని ఒక ముంజేతిని ఛాతీ మీదికి తెచ్చి రెండు చేతులతో పట్టుకోండి. తల మీ ఛాతీకి ఆనేలా చూసుకుని వెనక్కి నడవండి. నేల మీది మనిషిని భుజాల దగ్గర చొక్కా పట్టుకుని, ముంజేతుల మధ్య తల ఆనేలా, ఒంటి పొడవునే లాగాలి. పక్కకు లాగితే వెన్ను వంగుతుంది. తలకిందులైన కారులో బెల్టుకు వేలాడుతున్న మనిషి బెల్టు కోస్తే తల మీద పడతాడు. ముందు ఇద్దరు భుజాలకు, నడుముకు ఆసరా ఇవ్వాలి.

స్పృహ లేదు, ఊపిరి బాగుంది, వాంతి వస్తోంది లేదా మీరొక్కరే ఉండి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. అప్పుడు పక్కకు తిప్పి పెట్టండి. ఏ వైపు తిప్పుతారో ఆ చేతిని తల పైకి చాచండి, రెండో చేతిని ఛాతీ మీద అడ్డంగా పెట్టండి, మోకాళ్లు రెండూ మడవండి. తల, భుజాలు, నడుము ఒకేసారి తిరిగేలా తిప్పితే తల చాచిన చేతి మీద ఆనుతుంది, మెడ పక్కకు వేలాడదు.

మెడకు అట్టముక్కలతో, తువ్వాలుతో పట్టీ కట్టవద్దు. ఊపిరికి అడ్డొస్తుంది, మెడనూ ఆపదు. తలను చేతులతో పట్టుకుని, "తల ఊపవద్దు, నోటితోనే చెప్పండి" అనడం చాలు.

మిగతా గాయాలు

ఛాతీకి రంధ్రం పడి గాలి పీలుస్తున్న చప్పుడు వస్తే దాన్ని ప్లాస్టిక్‌తో మూసెయ్యవద్దు. లోపల గాలి చిక్కుకుని ఊపిరితిత్తిని, గుండెను నొక్కేస్తుంది. తెరిచి వదిలెయ్యండి. ఊపిరాడక ఆయాసపడే మనిషి స్పృహలో ఉంటే కూర్చోవాలని అతనే ప్రయత్నిస్తాడు. బలవంతంగా పడుకోబెట్టవద్దు.

పేగులు బయటికి వస్తే లోపలికి తొయ్యకుండా, శుభ్రమైన తడి బట్ట కప్పి, మోకాళ్లు మడిచి ఉంచండి. సీటుబెల్టు గీసుకున్న గీత పొట్ట మీద ఎర్రగా, నీలంగా కనబడితే బయట రక్తం లేకపోయినా లోపల గాయం ఉందనే అనుకోవాలి.

విరిగిన చెయ్యి, కాలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. అంబులెన్సు చాలా ఆలస్యమయ్యే చోట మాత్రమే బద్ద కట్టండి, విరిగిన చోటుకు పైనా కిందా ఉన్న రెండు కీళ్లూ కదలకుండా కట్టాలి. కట్టాక గోరు నొక్కి వదలండి. 2 సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోతే కట్టు బిగువు. తొడ ఎముక విరిగితే లోపల్లోపలే లీటరు దాటి రక్తం పోతుంది, కటి ఎముక విరిగితే ఇంకా ఎక్కువ. విరిగిందా లేదా అని నడుమును అటూ ఇటూ ఊపి చూడవద్దు. మోకాళ్లు జోడించి కట్టి, దుప్పటిని మడిచి తుంటి ఎముకలు పక్కకు పొడుచుకొచ్చే ఎత్తులో చుట్టి బిగించండి. చాలామంది బొడ్డు దగ్గర కడతారు, దానివల్ల ఉపయోగం లేదు.

తలకు దెబ్బ తగిలి చెవి నుంచి, ముక్కు నుంచి రక్తమో, నీళ్లలాంటి ద్రవమో కారుతుంటే దూది కూరవద్దు, కారనివ్వండి. కాసేపు బాగా మాట్లాడి, తర్వాత మత్తుగా మారి, వాంతులు మొదలైతే లోపల రక్తం గడ్డకడుతోందని అర్థం. ప్రతి కొన్ని నిమిషాలకు పేరు, ఇప్పుడెక్కడున్నాడో అడిగి, జవాబు ఎలా మారుతోందో గుర్తుపెట్టుకోండి.

కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లని నీళ్లు పోస్తూనే ఉండాలి. ఐసు, పేస్టు, నూనె వద్దు. ఒంటికి అంటుకున్న బట్ట లాగవద్దు, చుట్టూ కత్తిరించండి.

తెగిపడిన వేలును తడి చేసి పిండిన శుభ్రమైన బట్టలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు కలిపిన నీళ్ల కవర్లో పెట్టండి. నేరుగా ఐసులో వేస్తే కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది, అతికించడానికి పనికిరాదు. ముందు మనిషి రక్తం ఆపి, తర్వాతే వేలు వెతకండి.

కారు మంటకు 1 కిలో మంటలార్పే పౌడరు సిలిండరు 8–10 సెకన్లే వస్తుంది. 2 మీటర్ల నుంచి మంట అడుగున కొట్టండి. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట భగ్గుమంటుంది, సందులోంచి కొట్టాలి.

వెచ్చదనం, నీళ్లు, మాట

రక్తం పోయిన మనిషి ఎండలోనూ చల్లబడతాడు. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే రక్తం సరిగా గడ్డకట్టదు, ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. తడి బట్టలు తీసి పైనా కిందా దుప్పటి వెయ్యండి. నేల లాగేసే వేడి చాలా ఎక్కువ. పాలిపోయి, చెమటలు పట్టి, నాడి వేగంగా కొట్టుకుంటుంటే వెల్లకిలా పడుకోబెట్టండి. కాళ్లు ఎత్తి పెట్టే అలవాటు ఇక్కడ వద్దు, కాలు గానీ కటి గానీ విరిగి ఉండవచ్చు.

నోట్లో నీళ్లు పోయవద్దు. స్పృహ తక్కువైన మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్పృహ ఉన్నవాళ్లకు ఆపరేషన్‌లో మత్తు ఇచ్చేటప్పుడు వాంతి అవుతుంది. దాహం అంటుంటే తడి బట్టతో పెదాలు తుడవండి.

అంబులెన్సు వాళ్లకు అప్పగించేటప్పుడు

నాలుగే ముక్కలు: ఏది దేనికి గుద్దుకుంది, ఎంత వేగంతో, సీటుబెల్టు, హెల్మెట్ ఉన్నాయా; కనబడిన గాయాలు; స్పృహ, ఊపిరి మొదట ఎలా ఉండి ఇప్పుడెలా ఉన్నాయి; మీరు ఏం చేశారు, ఎన్నింటికి. వాడుతున్న మందులు, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు ఉన్నాయని ఎవరైనా చెబితే తప్పక చెప్పండి. మనిషిని గుంపు ఫోటోల నుంచి కాపాడటానికి నలుగురిని వీపులు లోపలికి పెట్టి నిలబెడితే పనీ సాగుతుంది, మర్యాదా దక్కుతుంది.

తర్వాత సబ్బుతో చేతులు కడగండి. మీ చేతి కోతలో, కళ్లలో, నోట్లో అవతలి రక్తం పడితే బాగా కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెడితేనే పనిచేస్తాయి. ఎంత ముందైతే అంత మంచిది.

బండిలో ఉండాల్సినవి

నైట్రైల్ గ్లవ్స్ 4 జతలు, కొన్న టూర్నికే 1, మందపాటి గాజుగుడ్డ ప్యాడ్లు 4, గాజుగుడ్డ చుట్టలు 4, 10 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీలు 2, త్రికోణపు గుడ్డలు 3, బట్టలు కోసే మొద్దు మొన కత్తెర, వెండి రేకు దుప్పట్లు 2, సీపీఆర్ మాస్కు, మార్కరు, టార్చి, మెరిసే జాకెట్, త్రికోణం. జాకెట్‌ను డిక్కీలో పెట్టవద్దు, డ్రైవరు తలుపు జేబులో ఉండాలి. డిక్కీ దాకా నడిచేటప్పుడే మిమ్మల్ని ఎవరూ చూడరు. సీటుబెల్టు కత్తి కూడా చేతికందే చోటే. ఎండకు గ్లవ్స్ పెళుసుబారతాయి, అంటుకునే పట్టీల జిగురు కరిగిపోతుంది. ఏడాదికి ఒకసారి పెట్టె విప్పి, ఒక గ్లవ్ తొడిగి లాగి చూసి, చిరిగితే మొత్తం మార్చెయ్యండి.